చేప జనకు కాపలా ఉప్పుదా, పొగదా?

చేప జనను ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి నిలవ చేసుకోవడం మీద నాలుగు వీడియోలు చూస్తే నాలుగు లెక్కలు కనిపిస్తాయి. ఒకరు జన బరువులో రెండు శాతం ఉప్పు చాలంటారు. ఇంకొకరు జనను ఉప్పు గుట్టలో పాతిపెడతారు. ఒకరు రెండు గంటలు పొగబెట్టి ఫ్రిజ్‌లో దాస్తారు. మరొకరు పొగబెట్టేశాం కాబట్టి గాలి తీసేసిన కవర్లో సీల్ చేసి నెలల తరబడి బయటే ఉంచొచ్చు అంటారు. మొదటి ముగ్గురిలో ఎవరిదీ తప్పు కాదు. వాళ్లు తయారు చేస్తున్నవి వేర్వేరు సరుకులు, అంతే. నాలుగోవారు చెప్పేది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే మాట. ఈ తేడా తెలియాలంటే ఉప్పు చేసే పనిని, ఆరబెట్టడం చేసే పనిని, పొగ చేసే పనిని విడదీసి చూడాలి. మూడూ ఒకే పని చేస్తాయనుకోవడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతుంది.

ఏ జన, ఎప్పటి జన

ఆడచేప కడుపులో రెండు పొడవాటి తిత్తులుగా ఉండే గుడ్ల ముద్దనే జన అంటాం. కొన్నిచోట్ల సెన అంటారు, కొన్నిచోట్ల చేప గుడ్లనే అంటారు. తిత్తి పైన పల్చటి పొర, లోపల రక్తనాళాలు, వాటిని అంటిపెట్టుకుని వేలకొద్దీ గుడ్లు ఉంటాయి. నిలవ చేసే పద్ధతులు రెండు దారులు. తిత్తిని చిరగకుండా అలాగే ఊరబెట్టి ఆరబెట్టడం ఒకటి. పొర తీసేసి గుడ్లను విడిగా ఉప్పు పట్టించడం రెండోది. ఇక్కడ ఎక్కువగా మొదటి దారి గురించే చెప్పుకుందాం, పొగబెట్టడానికి లొంగేది అదే కాబట్టి.

ప్రపంచంలో తిత్తి జనకు పేరుపడ్డ చేప మల్లెట్. మన తీరంలో కొయ్యింగ, బొంత వంటి పేర్లతో అమ్మే చేపలు ఆ కుటుంబానివే. దాని గుడ్లలో మైనం లాంటి కొవ్వు చాలా ఎక్కువ. ఆరిన తర్వాత కత్తితో పల్చటి బిళ్లలుగా కోయడానికి వచ్చేది ఆ కొవ్వు వల్లనే. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, కోస్తాలో శీలావతి అనీ తెలంగాణలో రవ్వ అనీ పిలిచే రోహు జనలో నీరు ఎక్కువ, ఆ మైనపు కొవ్వు తక్కువ. దాన్ని మల్లెట్ జనలాగే ఆరబెడితే బిళ్లగా తెగదు, ఇసుకలా రాలుతుంది. అలాగని పనికిరానిదేం కాదు. గ్రీసులో తరమా అనే ఉప్పు జన ముద్దను చేసే చేపల్లో కార్ప్ కూడా ఉంది. రొమేనియాలోనూ కార్ప్ గుడ్లతో నూనె కలిపి గిలకొట్టిన ముద్ద ఇంటింటి వంట. మన బొచ్చె, శీలావతి ఆ కార్ప్ కుటుంబానివే. కాబట్టి చెరువు చేప జనను కోసుకు తినే ముక్కగా కాక, రాసుకునే ముద్దగానో, అన్నంలోకి పొడిగానో ఊహించుకుంటే నిరాశ ఉండదు.

ఎప్పటి జన అన్నది కూడా ముఖ్యమే. గుడ్డు పెట్టడానికి సరిగ్గా ముందు గుడ్లు నీరు పీల్చుకుని ఉబ్బి, పారదర్శకంగా మారతాయి. ఆ దశలో తిత్తిని ముట్టుకుంటేనే చిట్లుతుంది, ఉప్పు వేస్తే నీరైపోతుంది. కావలసింది దానికి ముందరి దశ. తిత్తి నిండుగా బిగిసి ఉండాలి, గుడ్లు పసుపు నుంచి నారింజ రంగులో గట్టిగా కనబడాలి. వేలితో మెల్లగా నొక్కి వదిలితే గుంట నిదానంగా పూడాలి. మృగశిర కార్తె రోజున మార్కెట్లో బొచ్చె, రవ్వ కోయించుకునేవాళ్లకు ఒక్కో చేపలో గట్టి జన, ఇంకో చేపలో జారుడు జన రావడానికి కారణం ఇదే. కార్ప్ చేపలు వానల్లో గుడ్లు పెడతాయి, కాబట్టి ఆ రోజుల్లో రెండు దశల చేపలూ ఒకే గంపలో ఉంటాయి.

అసలు తినకూడని జనలూ ఉన్నాయి. భయపడితే పొట్ట ఉబ్బించుకునే పఫర్ చేప జనలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. వండినా, ఉప్పు వేసినా, పొగబెట్టినా అది పోదు. జపాన్‌లోని ఇషికావా ప్రాంతంలో ఈ జననే ఏళ్ల తరబడి ఉప్పులోనూ బియ్యపు తవుడులోనూ ఊరబెట్టి, పరీక్ష చేయించి అమ్ముతారు. అది అక్కడి లైసెన్సు ఉన్న తయారీదారుల పని, ఇంటి ప్రయోగం కాదు. ఉత్తర అమెరికాలోని గార్ చేప గుడ్లు, ఐరోపాలోని బార్బెల్ గుడ్లు కూడా విషమే. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు నదిలో పట్టిన చేపల జన వండే ముందు ఆ చేప పేరు తెలుసుకోవాల్సింది ఇందుకే.

పేరున్న జనల్లో సగానికి పొగే తగలదు

ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో కాబ్రాస్ సరస్సు చుట్టుపక్కల చేసే బొత్తార్గా ప్రపంచమంతా తెలిసిన ఎండు జన. మల్లెట్ తిత్తులను కొన్ని గంటలు ఉప్పులో ఉంచి, కడిగి, చెక్కల మధ్య నొక్కి, వారాల పాటు గాలికి ఆరబెడతారు. పొగ లేదు. గ్రీసులోని మెసొలోంగిలో చేసే అవ్గోతారహో కూడా ఇదే తీరు, చివర్లో కరిగించిన తేనెమైనంలో ముంచి గాలి తగలకుండా పూత వేస్తారు. అక్కడా పొగ లేదు. జపాన్‌లోని నాగసాకి కరాసుమిని రోజుల తరబడి ఉప్పులో ఉంచి, ఎక్కువైన ఉప్పును నీళ్లలో కొంత వదిలించి, పలకల మధ్య అణచి, ఎండలో తిప్పుతూ ఆరబెడతారు. ఆకారం చైనా సిరాకడ్డీలా ఉంటుందని ఆ పేరు. దానికీ పొగ లేదు.

పొగ వాడే సంప్రదాయం ఉత్తర ఐరోపాది. బ్రిటన్‌లో కాడ్ చేప జనను ఉప్పునీళ్లలో ఊరబెట్టి పొగబెడతారు. స్వీడన్‌లో 1954 నుంచి ట్యూబుల్లో అమ్ముతున్న కాలెస్ కవియార్ ఉప్పు వేసి పొగబెట్టిన కాడ్ జనకు పంచదార, నూనె కలిపిన ముద్ద. చల్లటి, తడి దేశాల్లో ఎండ దొరకదు, నిప్పు పక్కన ఆరబెట్టక తప్పదు. పొగ రుచి అలా అలవాటైంది.

అంటే నెలల తరబడి నిలవ ఉండే బొత్తార్గా, అవ్గోతారహో, కరాసుమి పొగ లేకుండానే నిలుస్తున్నాయి. పొగబెట్టిన కాడ్ జన మాత్రం ఫ్రిజ్‌లో ఉండాల్సిన సరుకు. ఈ ఒక్క సంగతి గమనిస్తే మొదటి చిక్కుముడి సగం విడిపోతుంది.

ఉప్పు లెక్క: జన బరువు మీదా, జనలోని నీటి మీదా?

సూక్ష్మజీవులు బతికేది జనలోని నీటిలో. కాబట్టి వాటిని ఆపేది జన మొత్తంలో ఎంత ఉప్పుంది అన్నది కాదు, ఆ నీటిలో ఉప్పు ఎంత చిక్కగా ఉంది అన్నది. ఉప్పు బరువును, ఉప్పూ నీరూ కలిపిన బరువుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేదే నీటి ఉప్పు శాతం. ప్యాకెట్ చేసిన చేపల పరిశ్రమంతా ఈ అంకె మీదే నడుస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 400 గ్రాముల జన, అందులో నూటికి 65 పాళ్లు నీరు అనుకుందాం. అంటే నీరు 260 గ్రాములు, గట్టి పదార్థం 140 గ్రాములు. రెండు శాతం ఉప్పు అంటే 8 గ్రాములు. 8ని 268తో భాగిస్తే నీటి ఉప్పు 3 శాతం. నాలుగు శాతం ఉప్పు అంటే 16 గ్రాములు. 16ని 276తో భాగిస్తే 5.8 శాతం. ఇది ఇంకా ఆరబెట్టని జన.

ఇప్పుడు ఆ రెండు జనల నుంచీ 120 గ్రాముల నీరు ఆరిపోయిందనుకోండి. 8 గ్రాముల ఉప్పు వేసిన జనలో 140 గ్రాముల నీరు మిగిలింది. 8ని 148తో భాగిస్తే 5.4 శాతం. 16 గ్రాములు వేసినదాంట్లో 16ని 156తో భాగిస్తే 10.3 శాతం. ఉప్పు ఒక్క గ్రాము కూడా కలపలేదు, నీరు పోవడంతోనే అంకె దాదాపు రెట్టింపైంది. ఉప్పు, ఆరబెట్టడం ఒకదానికొకటి చేదోడు అని చెప్పేది ఈ లెక్కే.

ఈ అంకెలు ఎందుకు ముఖ్యమంటే, చేపల్లో అన్నిటికంటే భయపడాల్సిన, ప్రాణాంతక విషం పుట్టించే క్రిమి క్లాస్ట్రీడియం బొట్యులినమ్‌లో రెండు తెగలున్నాయి. నీటిలో, చేపల పేగుల్లో తరచు కనిపించే ఇ-రకం తెగ 3.3 డిగ్రీల చలిలో కూడా పెరగగలదు, కానీ నీటి ఉప్పు 5 శాతం దగ్గర ఆగిపోతుంది. మట్టిలో ఉండే మొండి తెగ ఫ్రిజ్ చలిలో పెరగదు, కానీ దాన్ని ఉప్పుతోనే ఆపాలంటే 10 శాతం కావాలి. కాబట్టి రెండు శాతం ఉప్పు వేసి ఆరబెట్టని జన ఎప్పుడూ ఫ్రిజ్ సరుకే, అదీ కొద్ది రోజులకే. 10 శాతం దాటిన జనకు ఈ ఒక్క శత్రువు తగ్గింది కానీ అందరూ తగ్గలేదు. అన్నం, మాంసం పాడుచేసే స్టెఫైలోకాకస్ దానికంటే ఉప్పగా ఉన్నచోట కూడా బతుకుతుంది. బయట అల్మారాలో నిలవ ఉండే సరుకుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న గీత వాటర్ యాక్టివిటీ (క్రిములకు అందే నీటి కొలత, శుద్ధమైన నీటికి 1) 0.85. పది శాతం నీటి ఉప్పు దగ్గర అది 0.93 చుట్టుపక్కలే ఉంటుంది. ఇంట్లో 0.85 కిందికి దిగిందని నిర్ధారించుకునే సాధనం లేదు కాబట్టి, ఎండిన జనను కూడా ఫ్రిజ్‌లో పెట్టడమే సరైన పద్ధతి.

పాతిపెట్టడమా, తూచి వేయడమా

సార్డీనియా, నాగసాకి పద్ధతులు ఉప్పులో పాతిపెట్టేవి. వాళ్ల పక్షాన గట్టి వాదనే ఉంది. చుట్టూ అపారంగా ఉప్పు ఉంటే జన లోపలికి ఉప్పు వేగంగా దూరుతుంది, నీరు వేగంగా బయటికొస్తుంది, చెడిపోయే వ్యవధి ఇవ్వదు. వేడి ప్రాంతాల్లో ఫ్రిజ్ లేని కాలంలో ఇదొక్కటే దారి. చిక్కేమిటంటే ఎప్పుడు తీయాలో చెప్పేది చేతి అనుభవమే. 150 గ్రాముల తిత్తికి సరిపోయిన గంటలు 350 గ్రాముల తిత్తికి సరిపోవు. ఒక గంట ఎక్కువైతే నాలుక మీద పెట్టలేం.

తూచి వేసే పద్ధతిలో జనకు లెక్కగా ఉప్పు రాసి, జిప్ కవర్లో వేసి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంచుతారు. రోజుకోసారి కవర్ తిప్పుతారు. ఎంతసేపు ఉంచినా వేసిన ఉప్పు కంటే ఎక్కువ పట్టదు, కాబట్టి తొందర లేదు. దీని బలహీనత చలి మీద ఆధారపడటం. మధ్యలో ఎనిమిది గంటలు కరెంటు పోతే, పాతిపెట్టిన జనకంటే ఇది ముందు చెడుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు తూచే పద్ధతే మేలన్నది మా అభిప్రాయం. తర్వాతిసారికి ఎక్కడ సవరించాలో తెలిసేది దీంట్లోనే.

తూచే పద్ధతిలో ఒక మెలిక ఉంది. కవర్లో ఊట దిగుతుంది. ఆ ఊట పారబోస్తే దాంతోపాటు కొంత ఉప్పూ పోతుంది. పైన 16 గ్రాముల ఉప్పు వేసిన ఉదాహరణలో 30 గ్రాముల ఊట దిగిందనుకుంటే సుమారు 1.7 గ్రాముల ఉప్పు దానితో వెళ్లిపోయినట్టే. అప్పుడు పది శాతానికి చేరాలంటే జన పై లెక్కలోని 296 గ్రాముల (గట్టి పదార్థం 140, నీరు 140, ఉప్పు 16) దగ్గర కాదు, 280 దగ్గర ఆగాలి. అందుకే ఊటను కూడా తూచి రాసుకోవాలి.

ఉప్పును చెంచాతో కొలవడం ఇక్కడ అస్సలు కుదరదు. చెంచాడు మెత్తటి ఉప్పు బరువూ చెంచాడు రాళ్ల ఉప్పు బరువూ ఒకటి కావు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా ఒకటి ఉండాలి. ఉప్పు రకం విషయంలో కూడా జాగ్రత్త ఉంది. సముద్రపు మడుల్లో తీసిన శుద్ధి చేయని ఉప్పులో ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులు ఉంటాయి. ఉప్పు చేపలు నిలవలో గులాబీ రంగుకు తిరిగి జిగురు పట్టేది వాటివల్లే. మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే చేదు కూడా తగులుతుంది. శుద్ధి చేసిన ఉప్పు వాడితే ఈ రెండు గొడవలూ తగ్గుతాయి.

ఉప్పు వేయడానికి ముందు ఆ పది నిమిషాలు

చెడిపోయిన జనల్లో చాలావాటి కథ చేప కోసే బల్ల మీదే మొదలవుతుంది. కత్తి మొన లోతుగా దిగితే తిత్తి చిరుగుతుంది. పైత్యపు తిత్తి పగిలితే ఆకుపచ్చటి చేదు జన మీదికి పారుతుంది. అది ఎంత కడిగినా వదలదు, ఆ భాగం కోసేయాల్సిందే. పేగుల ముక్క ఏదీ జనకు అంటుకుని ఉండకూడదు. 1987లో న్యూయార్క్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ కప్చుంకా అనే ఉప్పు చేప తిన్నవాళ్లకు బొట్యులినమ్ విషపు జబ్బు, బొట్యులిజం వచ్చింది. కడుపు శుభ్రం చేయకుండా ఊరబెట్టిన చేప అది. లోపలి పేగుల దాకా ఉప్పు సరిగా చేరకపోవడమే అక్కడ జరిగిన తప్పు.

జనను కుళాయి నీళ్ల కింద పెట్టకూడదు. గుడ్లలో ఉప్పదనం ఉంటుంది, మంచినీరు వాటిలోకి చొరబడి ఉబ్బించి చిట్లగొడుతుంది. లీటరు చల్లటి నీళ్లలో 25 గ్రాముల ఉప్పు కలిపి అందులో ముంచి తీస్తే చాలు.

ఆ తర్వాతి పని రక్తనాళాలు. తిత్తిని పళ్లెంలో వెల్లకిలా పరిస్తే ఒక పక్కన పొడవునా లావాటి ఎర్రటి గీత, దాని నుంచి చెట్టు కొమ్మల్లా చీలిన సన్నటి గీతలు కనిపిస్తాయి. శుభ్రమైన సూదితో లావాటి గీతను రెండు మూడు చోట్ల గుచ్చాలి. చెంచా వెనక భాగాన్ని తడిపి, సన్నటి కొమ్మల చివర నుంచి గుచ్చిన చోటు వైపు మెల్లగా తోస్తూ వస్తే, ముదురు ఎరుపు చుక్క పైకి ఉబికి వస్తుంది. దాన్ని గుడ్డతో అద్ది మళ్లీ తోయాలి. గట్టిగా నొక్కితే పొర కింద గుడ్లు చితికి, ఆ చోట నూనె చెమర్చినట్టు మెరుస్తుంది. అక్కడితో ఆపాలి. పది నిమిషాలకు గీతలన్నీ లేత గులాబీ రంగుకు వస్తాయి. రక్తం వదిలేసిన జన ఎండాక ఆ గీతల వెంట నల్లబడి, ఇనుము నాకినట్టు రుచి ఇస్తుంది. ముందు ఆ చోటే కమురుతుంది కూడా.

పురుగుల సంగతి. సముద్రపు చేపల కడుపులో అనిసాకిస్ పిల్లపురుగులు అవయవాల మీద చుట్టుకుని ఉండొచ్చు. లేత ఉప్పుకూ, చల్లటి పొగకూ అవి చావవు. మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టిస్తే చస్తాయి. గడ్డకట్టిస్తే పొర మెత్తబడుతుందని కొందరు ఒప్పుకోరు. మెత్తబడే మాట నిజమే. కానీ ఫ్రిజ్‌లోనే ఒక రాత్రంతా నిదానంగా కరగనిస్తే నష్టం తక్కువ. మనకు ఇందులో ఒక లాభం కూడా ఉంది. చెరువు చేప జన దొరికేది వానల్లో, చల్లటి పొగకు అనువైన వాతావరణం వచ్చేది ధనుర్మాసంలో. మధ్యలో జనను ఆపి ఉంచేది ఫ్రీజరే. అందులో థర్మామీటర్ పెట్టి మైనస్ 20 వస్తోందో లేదో చూసుకోవాలి. చాలా ఇళ్ల ఫ్రీజర్లు మైనస్ 18 దగ్గరే ఆగుతాయి.

ఆరడం: బయట గట్టి, లోపల పచ్చి

కవర్లోంచి తీసిన జనను తుడిచి, రెండు చెక్క పలకల మధ్య పెట్టి, పైన కిలో బరువు ఉంచితే తిత్తి సమంగా చదునవుతుంది. మందం రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే లోపలి నీరు బయటికి రావడానికి దారి దగ్గర. ఆ తర్వాత జాలీ మీద ఆరబెట్టాలి.

ఎక్కువమంది పడే పొరపాటు ఇక్కడే. తొందరగా ఆరాలని ఫ్యాన్ కింద పెడతారు, మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడతారు. పై పొర గట్టి అట్ట కడుతుంది. లోపలి నీటికి బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. చేత్తో తట్టి చూస్తే ఎండినట్టే ఉంటుంది, కోస్తే మధ్యలో మెత్తటి ముద్ద. బరువు తూచకుండా చేతి అంచనా మీద నడిచేవాళ్లను మోసం చేసేది ఈ అట్టే. అలా అయితే జనను బటర్ పేపర్లో చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే లోపలి తేమ పైకి పాకి అట్ట మెత్తబడుతుంది. మళ్లీ ఆరబెట్టొచ్చు.

ఎండ, నీడ వాదన చాలా పాతది. ఎండ తేమను త్వరగా లాగుతుంది, పై పొర మీది క్రిములను కొంత తగ్గిస్తుంది. కానీ జన కొవ్వు ఎండకు త్వరగా కమురుతుంది, రంగు ముదురు గోధుమకు తిరుగుతుంది. జపాన్‌లో ఎండలో పెట్టేది చలికాలపు పొడి ఎండలో. కాకినాడ, మచిలీపట్నం తీరంలో వేసవి ఎండ అలాంటిది కాదు. గాల్లో తేమ ఎక్కువ, వేడి 35 దాటుతుంది. నీరు నిదానంగా పోతుంది, క్రిములు వేగంగా పెరుగుతాయి. ఇక్కడ ఇంటివాళ్లకు నమ్మకమైన ఆరబెట్టే చోటు నో-ఫ్రాస్ట్ ఫ్రిజ్. లోపలి గాలి చల్లగానూ, పొడిగానూ ఉంటుంది. రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఎన్ని రోజులైందన్నది లెక్క కాదు, కాటా చూపించే అంకే లెక్క.

పొగ నిజంగా ఏం చేస్తుంది

చెక్క మంట లేకుండా మగ్గినప్పుడు వచ్చే పొగలో ఫినాల్స్, ఫార్మాల్డిహైడ్, ఆమ్లాలు ఉంటాయి. ఇవి పై పొర మీద కూర్చుని అక్కడి క్రిములను అణుస్తాయి, కొవ్వు కమరకుండా కొంత ఆపుతాయి, రంగూ వాసనా ఇస్తాయి. పొగ లోతు కొద్ది మిల్లీమీటర్లే. తిత్తి నడిమధ్యకు అది పోదు. కాబట్టి పొగ నిలవకు సాయం చేస్తుందన్న మాట అబద్ధం కాదు. సరిపడా ఉప్పు, ఆరబెట్టడం ఉన్నాక పై పొరకు అదొక అదనపు రక్షణ. ఉప్పు తక్కువైన చోట దాన్ని ప్రత్యామ్నాయంగా వాడటమే పొరపాటు.

పొగ రెండు రకాలు. చల్లటి పొగలో పొగ పెట్టె లోపలి వేడి 32 డిగ్రీలు దాటనివ్వరు. జన పచ్చిగానే ఉంటుంది, పొగ రుచి పడుతుంది. వేడి పొగలో జన నడిమధ్య 63 డిగ్రీలకు చేరి అరగంట అక్కడే ఉండాలి. జన ఉడుకుతుంది, గుడ్లు రవ్వలా విడిపోతాయి, కత్తికి తెగదు. చాలా క్రిములు చస్తాయి కానీ బొట్యులినమ్ విత్తనాలు చావవు. అందుకే వేడి పొగ జనకూ ఉప్పు లెక్క తప్పదు.

అసలు ప్రమాదం ఈ రెంటికీ మధ్యన ఉంది. పెట్టె 40, 45 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలు నడిస్తే జన ఉడకదు, క్రిములకు మాత్రం పొదుగుడు పెట్టె దొరికినట్టు. మన వేసవిలో ఏ తంటా పడకుండానే పెట్టె ఈ స్థితికి చేరుతుంది. చల్లటి పొగ కావాలంటే డిసెంబరు, జనవరి రాత్రులు ఎంచుకోవాలి. నిప్పు జన కిందే ఉండకుండా, మీటరు పొడవు గొట్టం ద్వారా పొగను పెట్టెలోకి పంపాలి. పెట్టె అడుగున ఐస్ నింపిన ట్రే ఉంచాలి. జన పక్కనే థర్మామీటర్ వేలాడదీయాలి.

పొగ పెట్టే ముందు జన పైభాగం ముట్టుకుంటే వేలికి జిగటగా తగలాలి, తడి అంటకూడదు. తడి జన మీద పొగలోని ఆమ్లాలు, మసి కరిగి చుక్కలుగా దిగుతాయి. చేదు, పులుపు కలిసిన మచ్చలు పడేది అందుకే. పొగ కూడా పల్చగా, కాస్త నీలిరంగులో కదులుతూ ఉండాలి. దట్టంగా తెల్లగా కమ్మిందంటే గాలి చాలక చెక్క సరిగా మగ్గట్లేదన్నమాట. ఆ పొగ పట్టిన జన నాలుక మొద్దుబారేలా ఉంటుంది. మామిడి, జామ, చింత వంటి గట్టి చెక్కల ఎండు పొట్టు మంచిది. లక్షద్వీప్‌లో ట్యూనాతో మాస్‌మిన్ అనే పొగబెట్టిన ఎండు చేప చేసేటప్పుడు కొబ్బరి పీచు పొగ వాడతారు, అదీ జనకు నప్పుతుంది. ప్లైవుడ్ మిల్లు పొట్టు, రంగు వేసిన చెక్క, జిగురు కారే పైన్ చెక్క వద్దేవద్దు. ఒక్కో రాత్రి రెండు గంటలు చొప్పున రెండు రాత్రులు, మధ్యలో ఫ్రిజ్‌లో ఉంచి చేస్తే, ఒకేసారి నాలుగు గంటలు పట్టిన దానికంటే రుచి మెత్తగా వస్తుంది.

గాలి తీసిన కవరు మీద రెండు వాదనలు

తరతరాలుగా ఉప్పు చేపలు తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు అనే మాట తరచు వినిపిస్తుంది. దీంట్లో నిజం ఉంది. ఆ చేపలు కరకరలాడేంత ఎండినవి, ఉప్పు తెల్లగా పేరుకున్నవి, గాలి ఆడే బుట్టల్లో ఉన్నవి. తినేముందు నూనెలోనో పులుసులోనో బాగా ఉడికినవి. బొట్యులినమ్ విషం 85 డిగ్రీల్లో ఐదు నిమిషాలకు చెడిపోతుంది కాబట్టి మన వంట పద్ధతే చాలామందికి రక్ష.

అవతలి వాదన చేసేవాళ్లు చూపించేది 1963ను. ఆ ఏడాది అమెరికాలో గ్రేట్ లేక్స్ ప్రాంతపు పొగబెట్టిన వైట్‌ఫిష్ తిని కొందరు చనిపోయారు. లేత ఉప్పు, గాలి చొరని ప్యాకెట్, దారిలో చలి లేకపోవడం ఒక్కచోట కూడాయి. కారణం ఇ-రకమే. గాలి తీసిన ప్యాకెట్‌లో పొగబెట్టిన చేపకు ఎఫ్‌డీఏ ఇప్పుడు అడిగే నీటి ఉప్పు కనీసం 3.5 శాతం. అదీ 4.4 డిగ్రీలు దాటని చలిలో ఉంచుతారన్న షరతుతో. మన ఇంటి ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో తిరుగుతూ ఆ గీత దాటుతుంటుంది, కాబట్టి ఆ 3.5 మనకు సరిపోదు.

రెండు వాదనలూ నిజమే, వాళ్లు మాట్లాడే సరుకులే వేరు. పాత ఉప్పు చేప ధైర్యాన్ని కొత్త లేత ఉప్పు జనకు అరువివ్వడమే తప్పు. గాలి ఉన్న కవర్లో క్షేమమని కూడా అనుకోకూడదు. తిత్తి నడిమధ్యకు గాలి ఎలాగూ చేరదు. గాలి తీసిన కవరు వాడాలంటే పది శాతం నీటి ఉప్పు దాటిన జనకే, అదీ ఫ్రిజ్‌లో. మిగతాది గడ్డకట్టించి ఉంచాలి. కరిగించేటప్పుడు కవరు కత్తిరించి తెరవాలి. గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు చల్లటి పొగ జనను వండకుండా తినకూడదు. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది.

మరకా, బూజా, ఉప్పా

ఎండుతున్న జన మీద తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడేవాళ్లే ఎక్కువ. తడి వేలితో రుద్దితే కరిగిపోయిందా, అది పైకి వచ్చిన ఉప్పు. కరగకుండా పీచులా లేచిందా, బూజు. తెల్లటి బూజును తుడిచేసి కొనసాగించవచ్చని కొందరు తయారీదారులు అంటారు. అది ఏళ్లుగా ఒకే గదిలో ఒకే బూజుతో పనిచేసేవాళ్ల మాట. ఇంట్లో ఏ బూజు వచ్చిందో తెలియదు కాబట్టి పారేయడమే మంచిది. ఆకుపచ్చ, నలుపు వస్తే ఎవరికైనా అదే జవాబు.

జన కింద నూనె చుక్కలు పడుతున్నాయంటే వేడి ఎక్కువైంది. ముక్కు దగ్గర పెడితే పాత వేరుశనగ నూనె వాసన వస్తే కొవ్వు కమిరింది. జబ్బు చేయకపోవచ్చు కానీ రుచి తిరిగి రాదు. పుల్లటి కుళ్లు వాసన, వేలికి సాగే జిగురు ఉంటే ఏ రుచీ చూడకుండా పారేయాలి. వాసన బాగుంది కాబట్టి మంచిదే అనే లెక్క బొట్యులినమ్ దగ్గర చెల్లదు. ఇ-రకం విషం ఉన్న చేప వాసనలో ఏ తేడా లేకపోవచ్చు. అందుకే కాటా, థర్మామీటర్ చెప్పినదే వినాలి.

280 గ్రాములకు దిగిన మల్లెట్ జనను తినేముందు పై పొర అంచు గోటితో లేపితే కాగితంలా ఊడి వస్తుంది. తినబోయే మేరకే ఒలవాలి, మిగతా పొర అలాగే ఉంటే కోసిన చోటు తప్ప ఎక్కడా గాలి తగలదు. చాకును వేడినీళ్లలో ముంచి తుడిచి, అగ్గిపెట్టె అట్ట మందాన కోస్తే బిళ్ల తేనెరంగులో అవతలి వెలుగు చూపిస్తుంది. చెరువు చేప జన అలా తెగదు. దాన్ని సన్నటి తురుముకోరుతో తురిమి, మాడకుండా సన్నటి సెగ మీద రెండు నిమిషాలు వేయించి, నెయ్యి వేసిన వేడన్నంలో కలిపితే ఉప్పు వేరే వేయాల్సిన పని ఉండదు.